స్థానిక నాయకుడి అక్రమాలను పార్టీలోనే నిలదీయాలంటే: బెంగళూరు టికెట్ ఆశావహులకు

వార్డు టికెట్‌కు రేటు కట్టే బ్లాకు అధ్యక్షుడు, సభ్యత్వ పుస్తకాలను ఇంట్లో కూర్చుని నింపేసే మండల అధ్యక్షుడు, పార్టీ ఫండ్ పేరుతో వసూలు చేసి సొంత ఖాతాలో వేసుకునే ఇన్‌చార్జి. బెంగళూరులో ఏ పార్టీ కార్యకర్తను కదిపినా వీళ్ల గురించి గంటసేపు చెబుతాడు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే మెల్లగా జారుకుంటాడు. ధైర్యం చేసి రాసిచ్చినవాళ్లలోనూ చాలామంది సగంలోనే చతికిలబడతారు. ఆరోపణ నిజమే అయినా ఎవరికి, ఎప్పుడు, ఏ ఆధారంతో ఇవ్వాలో చూసుకోకపోవడమే దానికి కారణం. కింద చెప్పేదంతా ఆ సంగతే. మారతహళ్లి, కె.ఆర్.పురం, మహదేవపుర, బొమ్మనహళ్లి వైపు టికెట్ అడుగుతున్న తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినా, చట్టం అందరికీ ఒకటే.

ముందు మీ ఓటు సంగతి

మీరు ఫిర్యాదు ఇచ్చిన మర్నాడు అవతలివాళ్లు వెతికేది మీ లోపాలనే. తెలుగువాళ్ల విషయంలో వాళ్లకు ఇట్టే దొరికేది రెండు చోట్ల ఓటు. చిత్తూరు జిల్లాలోనో అనంతపురంలోనో సొంతూరి జాబితాలో పేరు అలాగే ఉంటుంది, ఇక్కడ అపార్ట్‌మెంట్ చిరునామాతో ఇంకో కార్డు ఉంటుంది. పండక్కి ఊరెళ్లినప్పుడు ఓటేసి వచ్చే అలవాటు చాలామందికి ఉన్నదే. కానీ ఒకరి పేరు ఒకటికి మించిన నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. పేరు చేర్చుకునేటప్పుడు అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు పడవచ్చు. అందుకే ఊళ్లో ఉన్న పేరు తొలగించమని ఫారం-7 ఇచ్చి, దాని రసీదు దగ్గర పెట్టుకోండి. ఇక్కడ ఇల్లు మారి ఉంటే ఫారం-8 ఇవ్వండి. ఈ పని ఫిర్యాదుకు ముందే అయిపోవాలి. ఆ తర్వాత చేస్తే ‘దొరికిపోయి సర్దుకున్నాడు’ అంటారు.

అలాగే మీ మీద కేసులు, చెక్ బౌన్సులు, కట్టని ఆస్తిపన్ను ఏవైనా ఉంటే ఒక కాగితం మీద రాసుకోండి. ఎలాగూ నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం-26 అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు చెప్పాల్సిందే.

టికెట్‌కు డబ్బు ఇవ్వకండి, ఇచ్చి ఉంటే వకీలును కలవండి

‘ముందు ఇచ్చేసి, రికార్డు చేసి, తర్వాత పట్టిద్దాం’ అనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. చట్టవిరుద్ధమైన పనికోసం ఇచ్చిన సొమ్మును సివిల్ దావాతో రాబట్టుకోవడం చాలా కష్టం. కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ అలాంటి ఒప్పందాన్ని చెల్లనిదిగా చూస్తుంది. ఎదుటివాడు ప్రజాప్రతినిధి లేదా ప్రభుత్వోద్యోగి అయి, తన అధికారిక పనికి లంచం తీసుకుంటే ఇచ్చినవాడూ నేరస్థుడే. ముందే పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పకుండా ఇచ్చేసినవాడికి, 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం ఇచ్చే మినహాయింపు ఒక్కటే: బలవంతం మీద ఇచ్చి ఉండాలి, 7 రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పి ఉండాలి.

టికెట్ ఇప్పిస్తానని డబ్బు తీసుకుని మోసం చేస్తే క్రిమినల్ దారి మాత్రం తెరిచే ఉంటుంది. బైందూరు అసెంబ్లీ టికెట్ పేరుతో ఒక వ్యాపారి నుంచి కోట్లు వసూలు చేశారన్న ఫిర్యాదుపై బెంగళూరు పోలీసుల నేర విభాగం సీసీబీ 2023 సెప్టెంబరులో అరెస్టులు చేసింది. అయితే అలాంటి కేసులో ‘ఇంత సొమ్ము నీకు ఎక్కడిది, నగదుగా ఎందుకిచ్చావు’ అన్న ప్రశ్న ఫిర్యాదుదారుకూ ఎదురవుతుంది. అప్పటికే డబ్బు ఇచ్చేసినవాళ్లు స్టేషన్ మెట్లెక్కే ముందు వకీలు దగ్గర కూర్చోవాలి.

ఒకే ఆరోపణ, పూర్తి ఆధారం

పదిహేను ఆరోపణలతో పన్నెండు పేజీలు రాసే ఫిర్యాదులు ఎక్కువ. వాటిలో ఒక్కటి తప్పని తేలితే చాలు, మిగతా పద్నాలుగూ కొట్టుకుపోతాయి. విచారణకు వచ్చే పరిశీలకుడు మొదట పట్టుకునేది బలహీనమైనదాన్నే. అందుకని కాగితంతో నిరూపించగలిగే ఒక్క అంశాన్ని ఎంచుకోండి.

బోగస్ సభ్యత్వం తేలికైనది. మీ బూత్ సభ్యుల జాబితా సంపాదించి, వరుసగా కాకుండా అక్కడక్కడా ముప్పై నలభై నంబర్లు తీసుకుని ఫోన్ చేయండి. ‘మేము ఏ పార్టీలోనూ చేరలేదు’ అన్నవాళ్లలో ఐదారుగురి దగ్గర సంతకంతో వాంగ్మూలం తీసుకోండి. చనిపోయినవాళ్ల పేరుంటే మరణ ధ్రువపత్రం ఒక్కటి వంద మాటల పెట్టు.

దొంగ తీర్మానం ఇంకాస్త బలమైనది. సమావేశమే జరగకుండా, లేదా రానివాళ్ల సంతకాలు పెట్టి ‘ఏకగ్రీవంగా ఫలానా పేరు సిఫారసు చేశాం’ అని పైకి పంపుతారు. ఆ రోజు మీ సభ్యుడు తిరుపతిలో ఉంటే రైలు టికెట్, ఆఫీసులో ఉంటే హాజరు వివరం, ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జి సమ్మరీ తీసుకోండి. సంతకం తనది కాదని ఆ సభ్యుడే అఫిడవిట్ ఇవ్వాలి. ఆయన తరఫున మీరు చెబితే దానికి విలువ లేదు.

ఫండ్ స్వాహా అన్నిటికన్నా కష్టం. కానీ ఇందులో చాలామందికి తెలియని ఒక కిటుకు ఉంది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరి నుంచి 20,000 రూపాయలకు మించి విరాళం వస్తే పార్టీ దాన్ని ఎన్నికల సంఘానికిచ్చే నివేదికలో చూపాలి. ఆ నివేదికలు సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ ప్రాంతంలో ఎవరైనా చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో 50,000 ఇచ్చి ఉంటే ఆ ఏడాది జాబితాలో ఆ పేరుందో లేదో చూడండి. లేకపోతే సొమ్ము పార్టీ ఖాతాకు చేరిందా అని రాష్ట్ర కోశాధికారిని అడిగే హక్కు ఆ దాతకు వచ్చినట్టే. పన్ను మినహాయింపు నిలబెట్టుకోవాలంటే పార్టీలు 2,000 రూపాయలకు మించి నగదు విరాళం తీసుకోకూడదు కూడా. కాబట్టి రసీదు పుస్తకంలో 25,000 నగదు అని రాసి ఉంటే ఆ రసీదే మీ సాక్ష్యం. సీరియల్ నంబరు, సంతకం, ముద్ర కనబడేలా ఫోటో తీయండి. నాయకుడి సొంత నంబరుకు యూపీఐలో పంపితే, స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా పంపినవాళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసుకోండి.

పార్టీ మీద ఆర్టీఐ వేసి లాభం లేదు. ఆరు జాతీయ పార్టీలు ఆ చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్ 3న చెప్పింది, పార్టీలు దాన్ని పట్టించుకోలేదు. కార్పొరేషన్‌లో ఏ పని ఎవరికి ఇచ్చారు, బిల్లు ఎంత అన్నదానికైతే ఆర్టీఐ బాగా పనికొస్తుంది.

ఫోన్‌లోని ఆధారాన్ని పాడుచేయకండి

మీరు స్వయంగా మాట్లాడిన కాల్‌నే రికార్డు చేయండి. ఇతరుల సంభాషణ దొంగచాటుగా పట్టుకుంటే మీ మెడకే చుట్టుకుంటుంది. రికార్డయిన ఫైలును వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే అది కుదించుకుపోతుంది, అసలుతో సరిపోలదు. అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉండాలి. నకలును కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి రెండు భాగాల ధ్రువపత్రం కావాలి. మొదటిది మీరు, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ, అంటే ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే వేలిముద్ర లాంటి సంకేతం, అందులో రాయాలి. ఆ విలువను తొలి రోజే తీసి పెట్టుకుంటే తర్వాత ‘ఎడిట్ చేశారు’ అన్న వాదన నిలవదు. పోలీసులు ఫోన్ స్వాధీనం చేసుకుంటే మహజర్ (సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రం) నకలు అడిగి తీసుకోండి. ఆ ఫోన్ చాలాకాలం తిరిగి రాదు, బ్యాంకు పనులకు వేరేది చూసుకోండి.

ఫిర్యాదు రాయడం

పార్టీ రాజ్యాంగం, అంటే దాని నిబంధనావళి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. దాన్నుంచి నాలుగు విషయాలు ఎత్తి రాసుకోండి: బ్లాకు లేదా మండల అధ్యక్షుడిపై చర్య తీసుకునే అధికారం ఎవరిది, క్రమశిక్షణ సంఘం ఏ స్థాయిలో ఉంది, నోటీసుకు జవాబివ్వడానికి ఎన్ని రోజులు, అప్పీలు ఎవరికి. ఇవి చూడకుండా జిల్లా అధ్యక్షుడికి ఫిర్యాదిస్తే సాయంత్రానికి అది నిందితుడి వాట్సాప్‌లో ఉంటుంది. చాలా చోట్ల ఆ నిందితుణ్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిందే ఆ జిల్లా అధ్యక్షుడు.

కన్నడలో రాయించండి, ఇంగ్లీషు నకలు జతచేయండి. తెలుగులో అనుకున్నది కన్నడలోకి తెచ్చేటప్పుడు కన్నడ బాగా వచ్చిన వకీలు గుమాస్తా చేత చదివించుకోండి. ‘బయటివాళ్లు’ అన్న ముద్ర వేయడానికి కాచుకుని ఉన్నవాళ్లకు అవకాశమివ్వకూడదు. ఫిర్యాదులో కులం, భాష, ఊరు ప్రస్తావన ఒక్క మాటైనా ఉండకూడదు.

వాక్యం ఎలా ఉండాలో చూడండి. ‘అధ్యక్షులవారు ఎంతో కాలంగా డబ్బులు దండుకుంటూ నిజమైన కార్యకర్తలకు అన్యాయం చేస్తున్నారు’ అంటే అది గోడు. దాని మీద ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయాలి:

‘ఫలానా తేదీన బ్లాకు కార్యాలయంలో సమావేశం జరిగినట్టు, 23 మంది హాజరైనట్టు తీర్మానం చూపుతోంది. ఆ 23 మందిలో 4, 9, 17 నంబర్ల సభ్యులు ఆ రోజు నగరంలో లేరు. వారి అఫిడవిట్లు, ప్రయాణ ఆధారాలు అనుబంధం 1 నుంచి 6 వరకు. ఇది పార్టీ నిబంధనావళిలోని ఫలానా నిబంధనకు విరుద్ధం. ఈ తీర్మానాన్ని పక్కనబెట్టి, పరిశీలకుడి సమక్షంలో సమావేశం మళ్లీ జరపాలని, 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.’

ఇందులో తిట్టు లేదు, విశేషణం లేదు. అడిగింది కూడా వాళ్లు చేయగలిగిన పనే. ‘ఆయన్ని తొలగించి నాకు టికెట్ ఇవ్వాలి’ అని రాశారా, మొత్తం ఫిర్యాదు పదవి కోసమే అన్నట్టు అయిపోతుంది. టికెట్ మాట అసలు ఎత్తకండి.

మూడు సెట్లు తీయండి. ఒకటి రాష్ట్ర కార్యాలయం ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. ముద్ర వేయనంటే అక్కడ గొడవ పెట్టుకోకుండా వచ్చేసి, మూడోదాన్ని స్పీడ్ పోస్ట్‌లో డెలివరీ రుజువుతో పంపండి. (పాత రిజిస్టర్డ్ పోస్ట్ 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది.) అదే రోజు పార్టీ అధికారిక ఈమెయిల్‌కూ పంపండి. సామూహిక సంతకాల జోలికి వెళ్లకండి. యాభై మంది సంతకం పెడితే వారంలో ఇరవై మంది ‘నాకు తెలియకుండా పెట్టించారు’ అంటారు. గట్టిగా నిలబడే ముగ్గురు చాలు.

ఎదురు నోటీసు వస్తుంది

విచారణ కన్నా ముందు మీకే షోకాజ్ రావడం మామూలే, ‘పార్టీ వ్యతిరేక కార్యకలాపాలు’ అని. గడువు మూడు రోజులే ఇచ్చినా ఆ మూడు రోజుల్లోనే జవాబివ్వండి. అందులో మూడు సంగతులుండాలి: ఆరోపణ ఏమిటో, ఆధారం ఏమిటో నకళ్లు ఇవ్వమనడం, అవి అందాక పూర్తి జవాబిస్తాననడం, ముద్ర పడిన మీ ఫిర్యాదు నకలు జతచేయడం. మీ ఫిర్యాదు తేదీ ముందు, నోటీసు తేదీ తర్వాత ఉంటే, అది కక్షసాధింపని ఎవరికైనా అర్థమవుతుంది. జవాబివ్వకపోతే ‘అవకాశం ఇచ్చినా వాడుకోలేదు’ అని బహిష్కరించడం వాళ్లకు తేలికవుతుంది.

నిబంధనావళిని పక్కనపెట్టి బహిష్కరిస్తే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. కానీ టికెట్ ఫలానావారికి ఇవ్వమని కోర్టు ఆదేశిస్తుందని ఆశ పెట్టుకోకండి. ఎన్నికల సంఘమూ పార్టీ ఇంటి తగాదాల్లోకి దిగదు. నమోదైన పార్టీని తప్పుడు ప్రవర్తనకు రద్దు చేసే అధికారం కొన్ని పరిమిత సందర్భాల్లో తప్ప సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది.

బయటి తలుపుల్లో ఏది తట్టాలి

ఫోర్జరీ, మోసం, బెదిరింపు అయితే పోలీసు స్టేషన్. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే అదే ఫిర్యాదును రాతపూర్వకంగా డీసీపీకి పంపి, అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 173, 175 సెక్షన్లు చూపే వరుస ఇది. మధ్య మెట్టు దాటేస్తే మేజిస్ట్రేట్ వెనక్కి పంపుతారు.

అంబేద్కర్ వీధిలోని ఎం.ఎస్. బిల్డింగ్‌లో ఉన్న లోకాయుక్తకు వెళ్లేది ఎదుటివాడు ఎమ్మెల్యే, కార్పొరేటర్, అధికారి లాంటి పబ్లిక్ సర్వెంట్ అయితేనే. ఫారం-1లో ఫిర్యాదు, ఫారం-2లో అఫిడవిట్ ఇవ్వాలి. కేవలం పార్టీ పదవి ఉన్నవాడి మీద ఇది పనిచేయదు. ఇంకో చిక్కు, ఆరోపించిన పని జరిగి 5 ఏళ్లు దాటితే తీసుకోరు. బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలిక) గత కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులోనే ముగిసింది గనక, అప్పటి కార్పొరేటర్ల పనుల మీద ఈ తలుపు మూసుకుపోయినట్టే.

అసెంబ్లీ ఎన్నికల వేళ ఓటర్లకు డబ్బు, చీరలు పంచడం కనిపిస్తే సీ-విజిల్ యాప్ ఉంది. ఫోటో గానీ రెండు నిమిషాల వీడియో గానీ అక్కడికక్కడే తీయాలి, గ్యాలరీలో ఉన్నది ఎక్కించనివ్వదు. మరో ఆయుధం సి-7 ఫారం. కేసులున్న వ్యక్తిని అభ్యర్థిగా ఎంచుకుంటే, ఎందుకు ఎంచుకున్నారో, కేసులు లేనివాళ్లు ఎందుకు దొరకలేదో 48 గంటల్లో వెబ్‌సైట్‌లో, పత్రికల్లో పార్టీ ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆదేశం. ‘గెలిచే సత్తా ఉంది’ అన్నది ఒక్కటే కారణంగా చెల్లదు. ప్రకటించకపోతే ఎన్నికల సంఘానికి రాయండి, శేషాద్రి రోడ్డులోని నిర్వాచన నిలయలో ముఖ్య ఎన్నికల అధికారికి నకలు ఇవ్వండి. కార్పొరేషన్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. ఆ ఫిర్యాదులు అక్కడికే.

పత్రికల దగ్గరికి చివర్లో

ఇంటి గుట్టు లంకకు చేటు అన్నది పార్టీలకు బాగా ఒంటబట్టిన సామెత. లోపల అడిగిన గడువు తీరకముందే ప్రెస్ క్లబ్‌కు వెళితే మీ ఆరోపణ వెనక్కిపోయి, మీరు మీడియాకెక్కడమే అసలు నేరమవుతుంది. గడువు తీరాక వెళ్లినా ఇచ్చిన ఫిర్యాదులో ఉన్నంతే మాట్లాడండి. సరైన అధికారం ఉన్నవాళ్లకు సదుద్దేశంతో ఇచ్చిన ఫిర్యాదుకు పరువునష్టం చట్టంలో మినహాయింపు ఉంది. అదే మాట అపార్ట్‌మెంట్ గ్రూపులోనో తెలుగు సంఘం గ్రూపులోనో పెడితే ఆ రక్షణ దొరకదు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

ఇక్కడి నాయకులు సిటీ సివిల్ కోర్టుకెళ్లి, ఎదుటివాళ్ల మాట వినకముందే నోరు మూయించే ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకోవడం కొత్తేమీ కాదు. ముందుగా కేవియట్ (‘నా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దు’ అని కోర్టులో వేసే అర్జీ) వేసి పెట్టుకుంటే మీకు నోటీసు ఇవ్వకుండా ఉత్తర్వు రావడం కష్టం. అది 90 రోజులే పనిచేస్తుంది. తేదీ చూసుకుని మళ్లీ వేయండి.

నామినేషన్ రోజు

ఇక్కడి లెక్కలు అసెంబ్లీవి. కార్పొరేషన్‌కు ఆర్‌వో (రిటర్నింగ్ అధికారి) ఇచ్చే సూచనలు చూసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక నామినేషన్లకు 7 రోజులే ఉంటాయి. కాబట్టి పైన చెప్పిన పనులన్నీ కనీసం మూడు నెలల ముందు మొదలుకావాలి. నోటిఫికేషన్ వచ్చాక ఇచ్చే ఫిర్యాదును ‘టికెట్ రాలేదని ఏడుపు’ అని కొట్టిపారేస్తారు.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. చాలామంది బి-ఫారం (ఫలానావారే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) వస్తుందన్న నమ్మకంతో ఒక్క సంతకంతో వేస్తారు. బి-ఫారం ఇంకొకరికి పోతే ఆ నామినేషన్ పరిశీలనలో ఎగిరిపోతుంది. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయవచ్చు, డిపాజిట్ ఒక్కసారి కడితే చాలు: 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 5,000. ఒక సెట్ పార్టీ పేరుతో, ఒక సెట్ పదిమంది సంతకాలతో స్వతంత్రంగా వేయండి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి, భాగం నంబరు, వరుస నంబరు సరిపోవాలి. పక్క నియోజకవర్గంలో ఓటున్న బావమరిది సంతకం ఒక్కటి చాలు సెట్ మొత్తం పోవడానికి.

బి-ఫారం మీద సిరాతో సంతకం ఉండాలి. రబ్బరు ముద్ర, ఫ్యాక్స్ చెల్లవు. చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు ఆర్‌వో చేతికి అందాలి. ఆ గడువులోపు పార్టీ మొదటి బి-ఫారం రద్దు చేసి ఇంకొకరికి ఇవ్వనూ వచ్చు. మీది ఉదయమే అందిందని ఇంటికి వెళ్లిపోకండి, 3 దాకా మీ మనిషి ఆర్‌వో కార్యాలయం దగ్గరే ఉండాలి.

స్వతంత్రంగా నిలబడ్డాక రాజీ బేరం మొదలవుతుంది. పోటీ నుంచి తప్పుకోవడానికి సొమ్ము ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్యే. ఉపసంహరణ కాగితాన్ని మీరే కాకుండా మీ ప్రతిపాదకుడు గానీ ఎన్నికల ఏజెంట్ గానీ మీ రాతపూర్వక అనుమతితో ఇవ్వవచ్చు. ఒకసారి ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకోలేరు. అందుకే నామినేషన్ హడావిడిలో ‘తర్వాత నింపుకుంటాంలే అన్నా’ అని ఎవరు అడిగినా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఏజెంటుగా బ్లాకు కార్యాలయం పంపిన మనిషిని కాకుండా మీ ఇంటి మనిషినే పెట్టుకోండి.